డెట్రాయిట్‌లో నల్లజాతీయుల దుకాణాలు ఎలా నిలబడ్డాయి? ముందు బిల్డింగ్ ఎవరిదో అడుగు

డెట్రాయిట్ శివారు నోవై నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది, కొత్తగా చదివేవాళ్ళ కోసం క్లుప్తంగా మళ్ళీ రాస్తున్నాను: "డెట్రాయిట్ సిటీలోకి వెళ్ళొద్దని ఆఫీసులో అందరూ భయపెట్టారు. మొన్న ఫ్రెండ్‌తో లివర్నాయ్ అవెన్యూకి వెళితే బేకరీ, సెలూన్లు, బట్టల షాపులు జనంతో నిండి ఉన్నాయి, చాలావరకు నల్లజాతీయులవే. రెండు మూడు మైళ్ళు అవతలికి వెళితే పాడుబడ్డ ఇళ్ళు. ఫ్యాక్టరీలు పోయిన ఊళ్ళో ఈ బిజినెస్‌లు ఎలా నడుస్తున్నాయి? ఇలాంటి చోట ఒక చిన్న కమర్షియల్ బిల్డింగ్ చవగ్గా కొని పడేస్తే లాభమేనా?"

వచ్చి రెండేళ్ళే అయిందని రాశావు కాబట్టి నువ్వు అనే అంటాను, ఏమీ అనుకోకు. నేను 1996లో ఒక ఆటో పార్ట్స్ కంపెనీలో ఇంజనీరుగా ఇక్కడికి వచ్చాను. మొదటి పదేళ్ళు మనవాళ్ళందరిలాగే ఆటో షోకీ బేస్‌బాల్ మ్యాచ్‌కీ తప్ప సిటీ సరిహద్దు అయిన ఎయిట్ మైల్ రోడ్డు దాటి సిటీలోకి వెళ్ళింది లేదు. 2009లో జీఎం, క్రైస్లర్ రెండూ దివాలా కోర్టుకి వెళ్ళిన ఏడాది నా ఉద్యోగమూ పోయింది. ఖాళీగా కూర్చోలేక, చిన్న వ్యాపారులకి అప్పులిచ్చే ఒక స్వచ్ఛంద సంస్థలో లెక్కలు చూడటానికి వెళ్ళాను. తర్వాత ఉద్యోగం దొరికినా అది వదల్లేదు, వాళ్ళ లోన్ కమిటీలో పదకొండేళ్ళు కూర్చున్నాను. నేను చెప్పేది ఆ కుర్చీలోంచి కనపడిన సంగతి.

"ఎలా నడుస్తున్నాయి" అంటే మనం సాధారణంగా ఆ షాపు వాళ్ళ ధైర్యం గురించి మాట్లాడతాం. ధైర్యం లేదని కాదు. కానీ ఆ పదకొండేళ్ళలో మా ముందుకొచ్చిన వాళ్ళలో ధైర్యం లేనివాళ్ళు నాకు ఒక్కరూ గుర్తులేరు, అయినా చాలామంది మునిగారు. మునిగినవాళ్ళకీ తేలినవాళ్ళకీ తేడా ఎక్కువసార్లు రెండు విషయాల్లోనే కనపడింది. షాపున్న బిల్డింగ్ ఎవరి పేరు మీద ఉంది? మొదటి డబ్బు ఎవరిచ్చారు?

కొంచెం వెనక్కి వెళ్ళాలి, ఓపిక పట్టు.

డెట్రాయిట్ అనగానే 1967 అల్లర్ల తర్వాత ఊరు పాడైందని చెప్తారు. లెక్కలు అలా చెప్పవు. 1950లో ఊరి జనాభా 18 లక్షల 50 వేలు, అదే శిఖరం. 1947 నుంచి 1963 లోపే ఊళ్ళో 1,34,000 ఫ్యాక్టరీ ఉద్యోగాలు పోయాయి. పాత మూడంతస్తుల ఫ్యాక్టరీలు వదిలేసి శివార్లలో విశాలమైన స్థలాల్లో ఒకే అంతస్తు ప్లాంట్లు కట్టుకున్నారు, కొన్ని పనులు యంత్రాలు లాక్కున్నాయి, కొన్ని దక్షిణాది రాష్ట్రాలకి వెళ్ళాయి. ప్యాకార్డ్ కార్ల ప్లాంట్ 1956లోనే మూతపడింది. తెల్లవాళ్ళు ఫ్యాక్టరీల వెంట శివార్లకి వెళ్ళగలిగారు. నల్లజాతీయులు వెళ్ళలేకపోయారు, ఎందుకంటే వాళ్ళకి ఇళ్ళు అమ్మేవాళ్ళు లేరు, లోన్లు ఇచ్చే బ్యాంకులు లేవు. 1930లలో ప్రభుత్వ సంస్థే మ్యాపుల మీద నల్లజాతీయుల పేటలకి ఎర్ర రంగు పూసి "ఇక్కడ అప్పు ఇవ్వడం ప్రమాదం" అని తేల్చింది. నమ్మకపోతే ఎయిట్ మైల్ దగ్గర బిర్‌వుడ్ స్ట్రీట్ వెనక ఉన్న గోడ చూసిరా. ఆరడుగుల ఎత్తు, అర మైలు పొడవు. 1941లో ఒక బిల్డర్ కట్టించాడు. నల్లజాతీయుల పేటకీ తన కొత్త తెల్ల కాలనీకీ మధ్య ఆ గోడ కడితేగానీ ఫెడరల్ హౌసింగ్ వాళ్ళు లోన్లకి హామీ ఇవ్వమన్నారు. గోడ ఇప్పటికీ ఉంది, మీద బొమ్మలు వేసి అందంగా చేశారు.

ఇక దుకాణాల సంగతి. ఊరికి తూర్పున బ్లాక్ బాటమ్ అని ఒక పేట ఉండేది. పేరు మనుషుల రంగుని బట్టి వచ్చింది కాదు, ఫ్రెంచి రైతులు అక్కడి నల్లరేగడి లాంటి నేలని చూసి పెట్టింది. దాని పక్కనే పారడైజ్ వ్యాలీ. నడిమధ్యలో హేస్టింగ్స్ స్ట్రీట్. హోటళ్ళు, మందుల షాపులు, డాక్టర్లు, క్లబ్బులు, దర్జీలు, శవసంస్కారాలు చేసే సంస్థలు, వందలకొద్దీ ఉండేవి. బయటి షాపుల్లో ఈ పేట వాళ్ళని ఎవరూ గుమ్మం ఎక్కనివ్వకపోబట్టి వాళ్ళ డబ్బు వాళ్ళ వీధిలోనే తిరిగేది. దీన్ని స్వర్ణయుగం అనకు, అక్కడి పెద్దవాళ్ళే ఒప్పుకోరు. ఇళ్ళు ఇరుకు, అద్దెలు దారుణం, ఆస్తుల్లో చాలావాటికి యజమానులు బయటివాళ్ళు. ఈ చివరి ముక్క గుర్తుపెట్టుకో.

ఆ వీధిలో జో వాన్ బాటిల్ అనే ఆయన 1945లో రికార్డుల షాపు పెట్టాడు. షాపు వెనక గదిలో రికార్డింగ్ కూడా చేసేవాడు. న్యూ బెతెల్ చర్చి పాస్టర్ సి. ఎల్. ఫ్రాంక్లిన్ ప్రసంగాలని రికార్డు చేసి దేశమంతా అమ్మింది ఆయనే. ఆ పాస్టర్ కూతురు, తర్వాత పెద్ద గాయని అయిన అరీథా ఫ్రాంక్లిన్, చిన్నపిల్లగా పాడిన తొలి రికార్డులూ ఆయనవే. 1950ల చివర్లో "పట్టణ పునరుద్ధరణ" పేరుతో హేస్టింగ్స్ స్ట్రీట్‌ని మొత్తం లేపేసి దాని మీదుగా క్రైస్లర్ ఫ్రీవే వేశారు. మనవాళ్ళు డౌన్‌టౌన్‌కి రోజూ ఆ రోడ్డు మీదే వెళ్తారు. షాపుల వాళ్ళలో ఎక్కువమంది అద్దెదారులే కాబట్టి చేతికొచ్చిన పరిహారం నామమాత్రం, చాలామందికి అదీ లేదు. జో వాన్ బాటిల్ ట్వెల్త్ స్ట్రీట్‌కి మారాడు, అక్కడ మళ్ళీ మొదలుపెట్టాడు. 1967 జులై 23 తెల్లవారుజామున పోలీసులు ఒక లైసెన్సు లేని బార్ మీద దాడి చేయడంతో గొడవ రాజుకుంది కదా, అది ఆ ట్వెల్త్ స్ట్రీట్‌లోనే. 43 మంది చనిపోయారు, ఏడు వేల మందికి పైగా అరెస్టయ్యారు. మొదటి రోజు ఆయన తుపాకీ పట్టుకుని షాపు ముందు కాపలా ఉన్నాడు. తర్వాత అధికారులు ఖాళీ చేయమన్నారు. తిరిగొచ్చేసరికి మంటలకి కొంత, ఫైర్ ఇంజన్ల నీళ్ళకి కొంత పోయి టేపులూ రికార్డులూ బురదలో ముద్దయి ఉన్నాయి. ఇక ఆయన కోలుకోలేదు. ఒకే మనిషి, రెండు షాపులు. మొదటిది ప్రభుత్వం తీసుకుంది, రెండోది వీధి తీసుకుంది. "ఆ జనం వాళ్ళ ఊరు వాళ్ళే తగలబెట్టుకున్నారు" అని మన పార్టీల్లో ఎవరైనా అంటే నాకు ఈయనే గుర్తొస్తాడు. (ఇంతకంటే నీచమైన మాటలు కూడా వింటావు, బిర్యానీ ప్లేటు చేతిలో ఉండగానే. అవి ఇక్కడ రాయను.)

ఇప్పుడు మొదటి డబ్బు సంగతి. బెర్రీ గార్డీ పేరు నీకు తెలియకపోయినా ఆయన పెట్టిన పాటల రికార్డు కంపెనీ మోటౌన్ తెలిసే ఉంటుంది. ఆయన లింకన్-మెర్క్యురీ కార్ల ప్లాంట్‌లో అసెంబ్లీ లైన్ మీద పనిచేసిన కుర్రాడు. 1959 జనవరిలో 800 డాలర్ల అప్పుతో కంపెనీ మొదలుపెట్టాడు. అప్పు ఇచ్చింది బ్యాంకు కాదు, కుటుంబంలో అక్కలూ అన్నదమ్ములూ అమ్మానాన్నా తలా కొంత వేసి నడుపుతున్న ఉమ్మడి నిధి. మనకి చిట్టీ ఎలాగో వాళ్ళకి అది అలాంటిది, కాకపోతే పాట ఉండదు, ఇంటిల్లిపాదీ సరేనంటేనే డబ్బు బయటికొస్తుంది. వెస్ట్ గ్రాండ్ బుల్వార్డ్ మీద ఒక ఇల్లు కొన్నాడు, అద్దెకి తీసుకోలేదు, అదే స్టూడియో అయింది. కారు లైన్ మీద ఫ్రేములా వచ్చి కొత్త కారుగా బయటికి వెళ్ళినట్టే వీధిలోంచి వచ్చిన పిల్ల స్టార్‌గా వెళ్ళాలన్నది ఆయన ఆలోచన. ఫ్యాక్టరీ పాఠం ఫ్యాక్టరీ బయట పనికొచ్చింది. 1972లో కంపెనీ లాస్ ఏంజెలెస్‌కి వెళ్ళిపోయింది, ఊరికి అదీ ఒక దెబ్బే. ఆ ఇల్లు మాత్రం ఇప్పుడు మ్యూజియం.

ఇంకా పాత కథ ఒకటి, నాకు వీటన్నిటికంటే ఇష్టమైనది. 1930 జూన్‌లో, మహా మాంద్యం మొదలైన మరుసటి ఏడాది, బెతెల్ ఏఎంఈ చర్చి పాస్టర్ భార్య ఫ్యానీ పెక్ ఒక యాభై మంది ఆడవాళ్ళని కూర్చోబెట్టి హౌస్‌వైవ్స్ లీగ్ పెట్టింది. ఇంటి ఖర్చు పెట్టేది మనమే కాబట్టి, ఆ డబ్బు ఎక్కడికి వెళ్ళాలో కూడా మనమే చెప్పాలి అన్నది వాళ్ళ లెక్క. నల్లజాతీయుల షాపుల్లో కొంటాం, మన పిల్లలకి ఉద్యోగాలిచ్చే చోట కొంటాం అని మాట తీసుకున్నారు. అదే సమయంలో షాపుల వాళ్ళని కూడా వదల్లేదు, సరుకు బాగుండాలి, షాపు శుభ్రంగా ఉండాలి. ఐదేళ్ళు తిరక్కుండా పదివేల మంది చేరారు. డబ్బు లేని రోజుల్లో, ఉన్న కాస్త డబ్బు దారి మార్చారు, అంతే.

ఫ్యూనరల్ హోమ్‌ల గురించి ఒక్క మాట, మనకి ఆ పదమే ఇబ్బందిగా ఉంటుంది కాబట్టి ఎవరూ చెప్పరు. చార్లెస్ డిగ్స్ సీనియర్ 1920ల మొదట్లో శవసంస్కారాల వ్యాపారం పెట్టాడు, అది రాష్ట్రంలోనే పెద్దవాటిలో ఒకటయింది. తన జీతం ఏ తెల్ల యజమాని చేతిలోనూ లేదు కాబట్టి నోరు విప్పి మాట్లాడగలిగాడు. మిషిగన్ సెనేట్‌కి ఎన్నికై హోటళ్ళలో, థియేటర్లలో రంగు వివక్ష చూపితే నేరం అనే చట్టం తెచ్చాడు. కొడుకు 1954లో అమెరికా కాంగ్రెస్‌కి, అంటే ఇక్కడి పార్లమెంటుకి, ఎన్నికయ్యాడు. సొంత షాపు అంటే ఇది కూడా.

సరే, ఈ కాలానికి వద్దాం. మా కమిటీ ముందుకి ఒక ఫైలు ఎలా వచ్చేదో చెప్తాను. నలభై ఏళ్ళ ఆవిడ, పదిహేనేళ్ళుగా ఇంట్లో కేకులు చేసి చర్చిల్లో అమ్ముతోంది, ఆర్డర్లు పట్టలేనన్ని. షాపు పెట్టాలి. బ్యాంకు అడిగేవి మూడు: క్రెడిట్ స్కోర్, తాకట్టు, సొంత వాటా. మన దగ్గర ఎవరికైనా ఈ మూడూ ఎక్కడ్నుంచి వస్తాయి? ఇంటి నుంచి. ఇంటి విలువ పెరిగితే దాని మీద అప్పు తీసుకుంటాం. డెట్రాయిట్‌లో ఆ ఇల్లే చేతిలోంచి జారిపోయింది. 2008 తర్వాత ఇళ్ళ ధరలు కుప్పకూలాయి, కానీ మున్సిపాలిటీ పన్ను లెక్కలో విలువలు ఆ మేరకు తగ్గించలేదు. 2010 నుంచి 2016 వరకు ఇళ్ళవాళ్ళ దగ్గర కనీసం 60 కోట్ల డాలర్లు అదనంగా లాగారని డెట్రాయిట్ న్యూస్ పత్రిక 2020లో లెక్కగట్టి రాసింది. ఆ పన్ను కట్టలేనివాళ్ళ ఇళ్ళు మూడేళ్ళకి కౌంటీ వేలంలోకి వెళ్ళాయి. వేలం రెండో విడతలో పాట 500 డాలర్ల నుంచి మొదలయ్యేది. ఆ ఇల్లు పోయినప్పుడు క్రెడిట్ స్కోరూ పోయింది, తాకట్టూ పోయింది. తర్వాత ఆ మనిషే బ్యాంకుకి వెళితే "మీకు అనుభవం ఉంది కానీ పేపర్లు బలంగా లేవు" అంటారు.

దాన్ని కూడా దాటారనుకో, ఇంకో గొయ్యి ఉంది. ఊరికే ఉదాహరణకి చెప్తున్నాను. బిల్డింగ్ 40 వేలకి వస్తుంది. ఏళ్ళపాటు ఖాళీగా ఉంది కాబట్టి స్క్రాపర్లు (తుక్కు కింద అమ్ముకునే దొంగలు) రాగి పైపులూ వైర్లూ ఎప్పుడో పీక్కుపోయారు. పైకప్పు, కరెంటు, వంటగది పొగగొట్టం, గ్రీజ్ ట్రాప్ (వంట జిడ్డు కాలవలోకి పోకుండా ఆపే తొట్టి), అన్నీ చేసేసరికి రెండు లక్షలు. పని అయ్యాక విలువ కట్టేవాడొచ్చి పక్క బిల్డింగులు చూసి లక్షా పది అని రాస్తాడు. 2,40,000 ఖర్చు పెట్టిన ఆస్తికి లక్షా పది విలువ, బ్యాంకు అందులోనూ ముప్పావు వంతే ఇస్తుంది. మిగతాది ఎవరు పెట్టాలి? ఈ గొయ్యి పూడ్చడానికే 2015లో సిటీ "మోటార్ సిటీ మ్యాచ్" అనే పథకం మొదలుపెట్టింది, మూడు నెలలకోసారి ఐదు లక్షల డాలర్ల గ్రాంట్లు. అదే ఏడాది కెల్లాగ్ ఫౌండేషన్, జేపీ మోర్గాన్ చేజ్ కలిసి 65 లక్షల డాలర్లతో నల్లజాతి, ఇతర మైనారిటీ వ్యాపారులకి ఒక ఫండ్ పెట్టాయి. ఇవి పనికొచ్చాయి, నా కళ్ళతో చూశాను. అయితే 139 చదరపు మైళ్ళ ఊరికి అవి చాలవు. పేపర్లలో కనపడే మెరుపంతా డౌన్‌టౌన్ చుట్టూ ఏడు చదరపు మైళ్ళదే.

నువ్వు చూసిన లివర్నాయ్ ఎందుకు నిలబడిందో ఇప్పుడు చెప్పగలను. చుట్టూ ఉన్న షెర్‌వుడ్ ఫారెస్ట్, యూనివర్సిటీ డిస్ట్రిక్ట్, పామర్ వుడ్స్ పేటల్లో నల్లజాతి టీచర్లు, నర్సులు, లాయర్లు, రిటైరైన ఆటో కార్మికులు ఇళ్ళు వదిలి వెళ్ళలేదు. ఫ్యాక్టరీ పోయినా ఫ్యాక్టరీ పెన్షన్ మిగిలింది. ఆ వీధిలో కేకు కొనేది, జుట్టు సెట్ చేయించుకునేది ఎక్కువగా ఆ పెన్షన్ డబ్బే. 2013 జులైలో 1,800 కోట్ల డాలర్ల బాకీలతో ఊరు దివాలా తీసింది కదా. కోర్టు సెటిల్‌మెంట్‌లో సిటీ రిటైర్డ్ ఉద్యోగుల (పోలీసు, ఫైర్ వాళ్ళు కాక) పెన్షన్ నాలుగున్నర శాతం కోసి, ఏటా పెరిగే కరువు భత్యం తీసేస్తే, మా దగ్గర అప్పున్న ఒక సెలూన్‌లో వారానికొచ్చే పెద్దావిడలు రెండు వారాలకొకసారి రావడం మొదలుపెట్టారు. నాకు ఆ దివాలా అర్థమైంది అక్కడే.

2019లో లివర్నాయ్ రోడ్డు బాగుచేస్తామని తవ్వేశారు. మధ్యలో డివైడర్ తీసి ఫుట్‌పాత్‌లు వెడల్పు చేశారు, మంచిదే. కానీ నెలల తరబడి షాపుల ముందు కార్లు ఆగే చోటు లేదు, గిరాకీ పడిపోయింది, ఆ వెంటనే 2020లో కోవిడ్. కొన్ని షాపులు మూతపడ్డాయి. తట్టుకున్నవాళ్ళలో సొంత బిల్డింగ్ ఉన్నవాళ్ళు, లేదా అద్దె కోసం కొన్నాళ్ళు ఆగిన ఓనరు ఉన్నవాళ్ళు ఎక్కువని అక్కడి వాళ్ళని అడిగితే చెప్తారు. రోడ్డు బాగయ్యాక అద్దెలు పెరిగాయి, అదీ చూశాను.

బిల్డింగ్ తమదే కావాలని పట్టుబట్టి సాధించినవాళ్ళ కథ ఒకటి ఉంది. మాలిక్ యాకీనీ అనే స్కూలు ప్రిన్సిపల్, ఇంకొందరు కలిసి 2006లో డెట్రాయిట్ బ్లాక్ కమ్యూనిటీ ఫుడ్ సెక్యూరిటీ నెట్‌వర్క్ పెట్టారు. మొదట రూజ్ పార్కులో ఏడెకరాల పొలం. తర్వాత సొంత కిరాణా కొట్టు కావాలన్నారు. ఈ ఊళ్ళో చాలా పేటల్లో కూరగాయలు కొనాలంటే పార్టీ స్టోరే దిక్కు (పార్టీ స్టోర్ అంటే పార్టీ సామాన్లు కాదు, బుల్లెట్‌ప్రూఫ్ అద్దం వెనక నుంచి మందూ లాటరీ టికెట్లూ అమ్మే కొట్టు, నేనూ మొదట్లో బుడగలు కొనడానికి వెళ్ళాను). జనం 200 డాలర్ల చొప్పున వాటాలు వేసుకున్నారు. పదేళ్ళకి పైగా పట్టింది. 2024 మేలో వుడ్‌వర్డ్ మీద నార్త్ ఎండ్‌లో డెట్రాయిట్ పీపుల్స్ ఫుడ్ కోఆప్ తెరిచారు, కింద కొట్టు, పైన అద్దెకిచ్చే వంటగదులూ హాలూ. ఆ వంటగదుల్లో మన కేకుల ఆవిడ లాంటివాళ్ళు గంటల లెక్కన పని చేసుకోవచ్చు. బిల్డింగ్‌లో ఆ నెట్‌వర్క్‌కి కూడా యాజమాన్యం ఉంది. ధరలు కొంచెం ఎక్కువే, ఆ పేటలో కొందరు ఆ మాట అంటారు కూడా. నిలబడుతుందా అంటే, ఇంకో ఐదేళ్ళు చూడాలి.

ఇక నీ రెండో ప్రశ్న, కొని పడేయాలా అని. "పడేయడం" అన్న మాటే నాకు టెన్షన్. తూర్పు వైపు ఒక బార్బర్ మా దగ్గర చిన్న లోన్ తీసుకున్నాడు, పంతొమ్మిదేళ్ళుగా ఒకే షాపు. ఓనరు వేరే రాష్ట్రంలో ఉండి పన్ను ఎగ్గొట్టాడు, ఇతనికి ఆ సంగతే తెలియదు, అద్దె నెలనెలా కడుతూనే ఉన్నాడు. బిల్డింగ్ వేలానికొచ్చింది. ఎవరో ఆన్‌లైన్‌లో పాడుకున్నారు, ఊరు చూడకుండానే. అద్దె రెట్టింపు చేశారు, ఇతను ఖాళీ చేశాడు, ఆ షాపు ఇప్పటికీ ఖాళీయే. ఆ ఫైలు నేనే చూసేవాణ్ణి, కౌంటీ వెబ్‌సైట్‌లో పన్ను బాకీ ఉందేమో ఒక్కసారి చూడాలని నాకూ తట్టలేదు. వేలంలో అతనే కొనుక్కోగలిగే ధరకి పోయింది.

కాబట్టి కొనాలనే ఉంటే ఇలా చెయ్యి. లోపల ఎవరైనా అద్దెకున్నారా చూడు. ఉంటే కొనకముందే వాళ్ళతో మాట్లాడు. పదేళ్ళ లీజు ఇవ్వు, నువ్వు అమ్మేటప్పుడు మొదట వాళ్ళకే అమ్ముతానని లీజులోనే రాయి, ధర ఎలా కడతామో కూడా రాయి. పన్ను బాకీ, నీళ్ళ బిల్లు బాకీ, బిల్డింగ్ డిపార్ట్‌మెంట్ నోటీసులు మూడూ విడివిడిగా చూపించుకో, టైటిల్ ఇన్సూరెన్స్ (ఆస్తి హక్కులో చిక్కు బయటపడితే ఆదుకునే బీమా) లేకుండా ముట్టుకోకు. ఖాళీ బిల్డింగ్ అయితే నీ బడ్జెట్‌కి రెట్టింపు అవుతుందనుకో. రెండేళ్ళలో అమ్మి లాభం చేసుకుందామనే ఆలోచనైతే శివార్లలో కాంటన్‌లో ఇంకో టౌన్‌హౌస్ కొనుక్కో, ఆ పని నీకు వచ్చు.

అంత డబ్బు పెట్టే ఉద్దేశం లేకపోతే ఫస్ట్ ఇండిపెండెన్స్ బ్యాంక్ అని 1970 నుంచి ఇక్కడ నల్లజాతీయులు నడుపుతున్న బ్యాంకు ఉంది, నీ ఎమర్జెన్సీ ఫండ్ అక్కడ పెట్టుకోవచ్చు, డిపాజిట్‌కి ఇన్సూరెన్స్ మిగతా బ్యాంకుల్లో ఉన్నట్టే ఉంటుంది.

ఇంకా అనుమానాలుంటే ఈ శనివారం ఈస్టర్న్ మార్కెట్‌కి రా, నేను కొత్తిమీర కోసం ఎలాగూ వస్తాను. అక్కడినుంచి హేస్టింగ్స్ స్ట్రీట్ ఉన్న చోటు నడిచే దూరం, ఫ్రీవే పైన వంతెన మీద నిలబడి చూపిస్తాను. తొమ్మిది లోపు రా, ఆ తర్వాత పార్కింగ్ దొరకదు.